గుంతలో మూడో పండు

గుంతలో రెండు కాయలు పెట్టిన పిల్లకు మూడు పండ్లు ఎలా దొరుకుతాయి? పోయిన వారం మిమ్మల్ని ఈ లెక్క దగ్గరే వదిలి వెళ్లాను. మీరేమో గానీ, నేను మాత్రం వారమంతా అక్కడే కూర్చున్నాను.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. నా పేరు శ్రీవాణి. మాది రామన్నపేట. చౌటుప్పల్ పక్కన కొత్తగా లేచిన ఒక కాలనీలో అంగన్‌వాడీ టీచర్ని. పదకొండు మంది పిల్లలు, ఒక ఆయా. ఆయా పేరు గుర్వమ్మ. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, కాకపోతే నోరే ముందొస్తుంది. కాలనీ వెనక గుట్ట, గుట్ట కింద అడవి. సోమవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి పిల్లల్ని అడవికి తీసుకుపోతాం. పొడుగాటి తాడుకు పదకొండు ముడులు వేశాం. ఒక్కో ముడి ఒక్కొక్కరు పట్టుకోవాలి. ముందు కొస గుర్వమ్మ చేతిలో, వెనక కొస నా చేతిలో. నా చెయ్యి పక్కనుండే పదకొండో ముడి అక్షితది.

అక్షితకు ఐదేళ్లు. తల్లి లేదు. తండ్రి శ్రీకాంత్ మందుల కంపెనీలో షిఫ్టులు చేస్తాడు. అవ్వ బిక్షమ్మ పొద్దున తెచ్చి దింపుతుంది, మధ్యాహ్నం వచ్చి తీసుకుపోతుంది. ఏడాది కింద కల్వకుర్తి వైపు నుంచి వచ్చి ఇక్కడ కిరాయికి దిగారు. అంతకు మించి వాళ్ల గురించి కాలనీలో ఎవరికీ తెలియదు. ఇక్కడ ఎవరి గురించీ ఎవరికీ తెలియదు లెండి. గోడకు గోడ ఆనుకుని ఉంటాం, అంతే.

ఇది సీతాఫలాల కాలం. సోమవారం నాడు ప్రతి పిల్లా కండ్లు విచ్చిన కాయలు రెండు తెంపుకోవాలి. చెట్టు కింద చిన్న గుంత తీసి, ఎండుటాకులు పరిచి, కాయలు పెట్టి, పైన మళ్లీ ఆకులు కప్పి, ఉడుతలు తినకుండా రాయి పెట్టాలి. శుక్రవారం రాయి తీస్తే పండు. ఆటకు కట్టు ఒక్కటే, ఒకరి గుంతలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. నా చిన్నప్పుడు మా ఊళ్లోనూ ఇదే కట్టు. కట్టు తప్పి పండు ఎత్తుకుపోయే దొంగలు మా రోజుల్లోనూ ఉన్నారు. తెచ్చిపెట్టే దొంగను మాత్రం నేను బుద్ధెరిగాక చూడలేదు. మూడు వారాలుగా అక్షిత గుంతలో ఒక పండు ఎక్కువుంటోంది.

"నువ్వే పెడుతున్నవు టీచరమ్మా. ఆ పిల్ల మీద నీకు పానం. నాకెర్క లేదనుకుంటున్నవా?" అంది గుర్వమ్మ.

"నేను కాదే తల్లీ."

"మరి దయ్యం పెడుతాందా?"

నేను పెట్టలేదని చెప్పడానికి నాకు కొంచెం సిగ్గేసింది. ఈ పని నాకెందుకు తట్టలేదా అని. మా అమ్మ పోయి రెండేళ్లు. సాయంత్రం గదికి పోతే తాళం తీసేదీ నేనే, దీపం వేసేదీ నేనే. ఒక్క ప్రాణానికి ఏం వండుతాంలే అని అటుకులు నానబెట్టుకుని పడుకున్న రోజులు లెక్కలేనన్ని. ఆదివారం అయితే నోరు తెరిచి మాట్లాడే పనే ఉండదు. సోమవారం ఆ పదకొండో ముడి దగ్గర చిన్న వేళ్లు నా వేళ్లకు తగిలితే అప్పుడు నాకు వారం మొదలవుతుంది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

సరే, ఆ శుక్రవారం సంగతి.

పొద్దున మంచు బాగా పడింది. అడవిలో ఆకులన్నీ తడిగా ఉన్నాయి. ముందు మోదుగాకుల టోపీలు. చీపురు పుల్లలు విరిచి నేను కుడుతుంటే పిల్లలు చుట్టూ చేరి "నాది, నాది" అని ఒకటే గోల. చిన్న సైదులుకు, వాళ్ల తాత పేరే వీడికి పెట్టారు, టోపీ కండ్ల మీదికి జారింది. వాడు దాన్ని సర్దుకోకుండా అట్లాగే నడిచి తుమ్మ మొద్దును గుద్దుకుని, మొద్దును తిట్టాడు. ఆ తిట్టు ఎక్కడ నేర్చాడో నాకు తెలుసు. గుర్వమ్మ వంక చూశాను. ఆమె ఆకాశం వంక చూసింది.

తర్వాత చీమల బాట. ఒక చీమను ఎంచుకుని అది ఇంటికి చేరేదాకా వెంటబడి పోవాలి, తొక్కకూడదు, ఊదకూడదు. నలుగురు పిల్లలు మోకాళ్ల మీద పాకుతూ పొద దాకా పోయి "టీచర్, మా చీమ ఇంట్లకు పోయి తలుపేసుకుంది" అని తిరిగొచ్చారు. అక్షిత ఒక్కతే చాలాసేపు రాలేదు. పోయి చూస్తే, దారి తప్పిన ఒక చీమ ముందు పుల్ల పెట్టి "ఇటు పో, మీవోళ్లు ఇటు పోయిన్రు" అని చెబుతోంది.

గుంతలు తెరిచే ముందు చప్పుళ్ల ఆట ఆడతాం. ఇది నేను కనిపెట్టిందే. అందరూ గుండ్రంగా కూర్చుని కండ్లు మూసుకోవాలి. ఒక్కో చప్పుడు వినబడితే ఒక్కో వేలు ముడవాలి. మాట్లాడితే ఆట నుంచి బయటికి. పండ్ల ఆత్రం మీదున్న పిల్లల్ని కాసేపు కూర్చోబెట్టడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. కండ్లు మూయించీ మూయించకముందే సైదులు ఐదు వేళ్లూ ముడిచేశాడు.

"ఏం వినవడ్డయిరా గప్పుడే?"

"నా కడుపుల శానా చప్పుళ్లైతున్నయి టీచర్."

గుర్వమ్మ కిసుక్కున నవ్వింది. పిల్లలంతా పక్కున నవ్వి, మళ్లీ బిగబట్టుకుని కూర్చున్నారు. కొంచెంసేపు అడవి అడవిలాగే ఉంది. గువ్వ కూసింది. దూరంగా హైవే మీద లారీ పోయింది. ఆకు మీది నుంచి మంచు బొట్టు జారింది. ఒక్కొక్కరు చెప్పారు. కాకి, గాలి, లారీ, ఎవరో తుమ్మింది. చివరికి అక్షిత వంతు వచ్చింది.

"గువ్వ. బండి. గాజులు" అంది.

"గాజులా? ఎవలయి?"

గుర్వమ్మ చేతులకు రాగి కడియాలు. నా చేతికి గడియారం తప్ప ఏమీ లేదు. ఆడపిల్లలు ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. ప్లాస్టిక్ గాజులు, చప్పుడే రావు. అక్షిత ఇంకా కండ్లు తెరవలేదు. వేలితో సీతాఫలం పొదల వైపు చూపించింది, సరిగ్గా తన గుంతకు వెనకవైపు.

పదకొండు మంది పరాయి పిల్లలు, చుట్టూ అడవి, పొదలో ఎవరో మనిషి. "అక్కా, పోరగాండ్లను జర దగ్గరికి తీస్కో. తాడు పట్టియ్యి" అని గుర్వమ్మకు చెప్పి, కింద పడున్న తంగేడు కట్టె తీసుకుని పొద వెనక్కి పోయాను. భయం కన్నా కోపం ఎక్కువ ఉంది నాకు. నా పిల్లల దగ్గరికి ఎవడొచ్చాడో వాడి వీపు పగలగొట్టాలన్నంత కోపం.

వాడు కాదు. ఆడమనిషి. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. మోకాళ్లు ముడుచుకుని, చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. చేతుల నిండా మట్టిగాజులు. వాటిని చప్పుడు కాకుండా రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. నన్ను చూసి లేవలేదు, పారిపోలేదు.

"ఎవలు నువ్వు? పోరగాండ్లున్న జాగల ఏం పని?"

"కొట్టకు అక్కా. నేనేం చెయ్యలె."

"అక్షిత గుంతల పండ్లు పెట్టేది నువ్వేనా?"

తలూపింది. "రోడ్డు మీద మొక్కల నర్సరీల కూలికి పోత. బేస్తారం నాడు పని ఇడిచినంక ఇటొచ్చి పెట్టి పోత. ఇయ్యాల పనికి పోలె. ఆ పిల్ల మొఖం దగ్గరి నుంచి జూద్దామని వచ్చిన."

"ఆ పిల్లకూ నీకూ ఏంది?"

ఆమె నన్ను వింతగా చూసింది, నాకు తెలియకపోవడమే విచిత్రం అన్నట్టు.

"నేను దాని తల్లిని. మమతను."

చూడండి, నాకు అప్పుడు నమ్మకం కలగలేదు, జాలి కలగలేదు. ముందు కోపమొచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు ఇట్లాంటి మాటలే చెబుతారు. ఆ కోపంలో నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

"అబద్ధాలు జెప్పకు. అక్షిత తల్లి సచ్చిపోయి మూడేండ్లయింది. వాళ్లింటికి నేను పోయిన. ఫోటోకు దండేసి ఉంది. నా కండ్లతోని చూసిన."

"ఎవల ఫోటోకు?"

"దాని తల్లి ఫోటోకు. పచ్చ చీర, తలల మల్లెపూలు, ఎనక నెమళ్ల బొమ్మల పరద..."

చెబుతూ చెబుతూ ఆగిపోయాను. ఎందుకంటే అప్పుడు ఆ మొహాన్ని సరిగ్గా చూశాను. ఫోటోలో బుగ్గలున్నాయి, ఇక్కడ లేవు. కానీ కండ్లు అవే. ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ అదే.

మమత చేతులు వదిలేసింది. గాజులు గలగలమన్నాయి, పట్టించుకోలేదు.

"నా ఫోటోకా?" అంది. "నా ఫోటోకు దండేసిన్రా?"

నోరు జారాను. కట్టె కింద పారేశాను.

"పచ్చ చీర మాయమ్మ పెట్టింది. లగ్గమైన తెల్లారి ఆయిననే స్టూడియోకు తోల్కపోయిండు" అంది మమత. ఏడవలేదు. చేత్తో తన మొహం తడుముకుంది, ఉందో లేదో చూసుకుంటున్నట్టు. "నేను పనికి పోయిన్నని చెప్పిన్రనుకున్న. ఊరికి పోయిన్నని చెప్పిన్రనుకున్న. పోనీ, తిట్టుకుంట చెప్పినా మంచిదే, మీయమ్మ పిచ్చిది, ఇడిచిపెట్టి పోయిందని. గట్ల చెప్పినా నేను బతికే ఉంటుంటి గద అక్కా."

తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. రెండో కాన్పులో కొడుకు పుట్టి ఏడో రోజు పోయాడు. ఆమెకు మతి తప్పింది. అన్నం తినదు, పడుకోదు, రెండేళ్ల అక్షితను దగ్గరికి రానివ్వదు. పుట్టింటికి పంపారు. తల్లి ఆమెను పట్నం దవాఖానకు తిప్పింది. రెండేళ్లు గోళీలు మింగితే మనిషైంది. నయమై అత్తవారి ఊరికి పోయేసరికి ఇంటికి తాళం. ఫోను కలవదు. ఎటు పోయారో ఎవరూ చెప్పలేదు. తల్లి కూడా పోయింది. చివరికి ఆరు నెలల కింద ఎవరి ఫోనులోనో ఒక ఫోటో చూసింది. మోదుగాకుల టోపీలు పెట్టుకున్న పదకొండు మంది పిల్లలు. మా అంగన్‌వాడీ పేరుతో నేను తీసి పెట్టిన ఫోటోనే.

"ఎనుక చివర్ల నిలవడ్డది నా బిడ్డనే. నీ చెయ్యి పట్టుకొని ఉండె."

నాకు సంతోషం కలిగి ఉండాలి కదా? తల్లి లేని పిల్లకు తల్లి దొరికింది. కానీ ఉన్న మాట చెప్పేస్తాను. నాకు లోపల కుళ్లు పుట్టింది. ఇన్నాళ్లు ఆ పిల్లకు ఎవరూ లేరు, నాకూ ఎవరూ లేరు, ఒకరికొకరం సరిపోయాం అనుకున్నాను. ఇప్పుడీమె వచ్చింది. ఈమె కూడా ఏ రేకుల గదిలోనో ఒక్కతే వండుకుని ఒక్కతే తిని, గురువారం కోసం వారమంతా ఎదురు చూస్తుంది. నా ఆదివారాల్లాంటివే ఆమెకు వారానికి ఆరు. ఆ మాట తట్టగానే నా కుళ్లుకు నాకే సిగ్గేసింది.

"ఇంటికి పోయి అడగకపోయినవా?" అన్నాను.

"భయమైంది. పిచ్చిదొచ్చిందని తరుముతరని. అక్కా, ఒక్కపారి దగ్గరికెళ్లి చూస్త. అమ్మనని చెప్ప. నీ మీద ఒట్టు, చెప్ప. టోపీలు కుట్టనీకె వచ్చిన కూలిదాన్నని చెప్పు."

"ఎట్ల కుదురుతది మమతా? నా చేతికి ఎవలిచ్చిన్రో వాళ్ల చేతికి అప్పజెప్పాలె నేను. రేపొద్దున ఏమన్నయితే..."

"ఓ టీచరమ్మా! చెట్లల్ల ఏం జేస్తున్నవ్? ఈ పోరగాండ్లు ఆగుతలేరు, గుంతలు తవ్వుతున్నరు!" అని గుర్వమ్మ కేకేసింది.

ఆ కేక వెనకే ఆకుల చప్పుడైంది. నేను తిరిగి చూసేలోపు అక్షిత పొద పక్కన నిలబడి ఉంది. టోపీ ఒక పక్కకు ఒరిగింది. రెండు చేతులా పండ్లు.

"టీచర్, మల్ల మూడైనయ్!"

అప్పుడు మమతను చూసింది.

నేను అడ్డం పోదామనుకున్నాను. పోలేదు. మమత గాజులను మళ్లీ గట్టిగా పట్టుకుంది. అక్షిత భయపడలేదు. గోడ మీద రోజూ చూసే మొహాన్ని గోడ లేకుండా చూస్తోంది. తల అటు వంచి, ఇటు వంచి చూసింది.

"నువ్వు మా ఇంట్ల ఫోటోల ఉంటవు గదా?" అంది.

మమత చెంగుతో సగం మొహం కప్పుకుంది.

అక్షిత చుట్టూ ఉన్న చెట్లను ఒకసారి కలయచూసి నన్ను అడిగింది. "టీచర్, సచ్చిపోయినోళ్లు ఈడ ఉంటరా?"

ముప్పై రకాల ప్రశ్నలకు జవాబులు చెప్పే పుస్తకం మాకు పైనుంచి పంపారు. ఈ ప్రశ్న అందులో లేదు. పిల్ల తనే ముందుకొచ్చింది. ఒక్క వేలు చాపి మమత మోకాలి మీద పెట్టి, వెంటనే తీసేసింది. మళ్లీ పెట్టింది. ఈసారి తీయలేదు.

"ఎచ్చగనే ఉంది టీచర్" అంది.

మమత ఇక ఆపుకోలేకపోయింది. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదులుతూ ఏడ్చింది. పిల్లను ముట్టుకోలేదు. అమ్మనని చెప్పనని ఒట్టేసింది కదా, ఆ ఒట్టు మీదే నిలబడింది పిచ్చి తల్లి. అక్షిత కాసేపు చూసి, ఒక పండు విప్పి సగం ఆమె చేతిలో పెట్టింది. "ఏడ్వకు. తిను. గింజలు మింగొద్దు, కడుపుల చెట్టు మొలుస్తది" అని చెప్పింది. మమత తిన్నది. గింజలన్నీ జాగ్రత్తగా అరచేతిలో ఊసి, చూపించింది. అక్షిత లెక్క చూసి సరేనంది.

నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. నాకూ ఏడుపొచ్చింది, నా కోసమో, వాళ్ల కోసమో తెలియదు.

"ఆదివారం నా గదికి రా. ఏం జెయ్యాల్నో కూసోని ఆలోచన చేద్దాం. గప్పటిదాక ఇటు రాకు" అని మమతకు గది గుర్తులు చెప్పి, అక్షిత చెయ్యి పట్టుకుని వచ్చేశాను. పిల్ల రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

తిరిగొచ్చే దారంతా ఒకటే ఆలోచన. 'ఇంట్లో చెప్పకు' అని ఈ పిల్లకు చెప్పాలా? చెబితే వింటుంది, నా మాటంటే దానికి వేదం. కానీ ఇప్పటికే ఆ ఇంట్లో దానికి ఒక పెద్ద అబద్ధం పెట్టారు. ఇంకొకటి నేను నేర్పాలా? నాలుగుసార్లు వంగి చెప్పబోయాను. నాలుగుసార్లూ టోపీ సర్ది లేచాను.

సెంటర్ గేటు దగ్గర బిక్షమ్మ ముందే వచ్చి నిలబడింది. రోజూ నలిగిన చీరలో వచ్చే మనిషి, ఆ రోజు కొత్త నేత చీర కట్టింది. చంకలో శుభలేఖల సంచి, చేతిలో కుంకుమ భరిణె. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"నీ కోసమే సూస్తున్న టీచరమ్మా. జర ఆగు, బొట్టు పెట్టనీ. బుధారం నాడు మా శ్రీకాంత్ లగ్గం. నువ్వు తప్పకుంట రావాలె. తల్లి లేని పిల్ల, ఎన్నొద్దులని నేను సాకుత? నా పానం బాగుంటలేదు."

ఆమె నా నుదుట కుంకుమ పెట్టింది. వేలు చల్లగా ఉంది. బుధవారం అంటే ఇంకా ఐదు రోజులు. నా చేతిలో శుభలేఖ పడింది. ఏం చూశానో, ఏం చదివానో నాకు గుర్తులేదు.

బిక్షమ్మ వంగి మనుమరాలి గడ్డం పట్టుకుంది. "నీకు అమ్మొస్తాంది బిడ్డా."

అక్షిత ఆమెను ఏమీ తెలియనివాళ్లను చూసినట్టు జాలిగా చూసింది.

"అమ్మ ఒచ్చింది గదా అవ్వా."

గుర్వమ్మ తాడు చుడుతున్నది ఆగిపోయింది. ఇప్పుడు బిక్షమ్మ నవ్వుతుంది, లేదా పిల్లను కసురుకుంటుంది, లేదా 'ఏ అమ్మనే?' అని అడుగుతుంది అనుకున్నాను.

బిక్షమ్మ నెమ్మదిగా నడుము ఎత్తింది. మనుమరాలిని ఏమీ అడగలేదు. గేటు బయటికి, అడవి దారి వైపు ఒకసారి చూసి, నా దగ్గరికి జరిగి, నాకు మాత్రమే వినబడేట్టు అడిగింది.

"ఏడుంది?"